అర పలక

అన్నతో వేరుపడిన నాటికి నా చేతిలో ఉన్నవి తొమ్మిది వందల రూపాయల రొక్కం, ఒక తక్కెడ, మార్కాపురం బజారులో పదమూడేళ్ళు పలకలు అమ్మిన అనుభవం. దుకాణం అన్నకు పోయింది. పెద్దవాడు గనుక లాక్కున్నాడని ఊళ్ళో అనుకున్నారు. నిజానికి నేనే వదులుకున్నాను. రెండు సంసారాలు బతకడానికి ఆ దుకాణం చాలదని నా లెక్క. పంపకం అయిన సాయంత్రం అన్న అరుగు మీద నిలబడి వీధి చివరిదాకా వినబడేటట్టు ఒక మాట అన్నాడు.

"ఆ డబ్బు అయిపోయినాక రా వీరరాఘవా. గుమాస్తా పని పెట్టి ఉంచుతా. నెలకు పన్నెండు రూపాయలు."

ఆ తొమ్మిది వందల్లో ఆరు వందలు పెట్టి గిద్దలూరులో ఒక కలప కంట్రాక్టరు దగ్గర పాత అమెరికా మోటారు కొన్నాను. అది ముప్పయ్యో సంవత్సరపు బండి, నేను కొన్నది ముప్పై ఎనిమిది జనవరిలో. ఇంజను చూశాను. టైర్లు చూశాను. అంకయ్య అనే డ్రైవరును కూర్చోబెట్టి కంభం దాకా నడిపించి చూశాను. లోపలి అరలు చూడలేదు. మోటారు కొనేవాడెవడూ అరలు చూడడు.

ఆ బండిలో ముందు అద్దం కింద, డ్రైవరు పక్కన కూర్చునే మనిషి మోకాళ్ళకు ఎదురుగా ఒక చిన్న అర ఉంది. దానికి కింది వైపు మడత బందులతో ఒక రేకు మూత, ఆ మూత పడిపోకుండా పైన ఒక కొక్కెం. ముందు తలుపులు రెండింటికీ లోపలి పక్క గుడ్డ సంచులు. కంట్రాక్టరు ఎనిమిదేళ్ళూ ఆ అరలో కూలీలకిచ్చే చిల్లర, సంచుల్లో మేకులూ ఆకురాళ్ళూ కుక్కి తిరిగాడు. కొక్కెం విరిగింది. అర అడుగున ఉన్న అట్ట పొట్ట వేసింది. సంచులు చిరిగి పేలికలయ్యాయి. బండి గుంతలో పడితే మూత టపీమని తెరుచుకుని ఎదుటి మనిషి ఒళ్ళో వాలేది.

స్టేషను నుంచి ఊళ్ళోకి బాడుగలు తోలినన్నాళ్ళు ఇవేవీ పట్టించుకోలేదు. ఎక్కేవాళ్ళు మూటలు ఒళ్ళో పెట్టుకునేవాళ్ళు. కానీ జట్కావాళ్ళు అణాకు తోలే దారిలో మోటారుకు బాడుగ ఎవరిస్తారు? నాలుగు నెలల్లో మిగిలిన మూడు వందల్లో నూట అరవై తినేశాను. నూట నలభై ఉన్నాయనగా మిషను ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది.

వారానికి ఒకరోజు, సోమవారం, ఒక నర్సమ్మ మందులు తీసుకుని పల్లెలకు పోవాలి. పెట్రోలు ఆసుపత్రిది. బండీ డ్రైవరూ నావి. నెలకు యాభై రూపాయలు, ఏడాది ఒప్పందం. మిగతా ఆరు రోజులూ నా బాడుగలు నావి. ఈ ఒప్పందం కుదిరితే నేను నిలబడ్డట్టు. కుదరకపోతే బండిని అయినకాడికి అమ్మి అన్న అరుగు ఎక్కాలి. మధ్యలో మూడో దారి ఉందేమోనని రెండు రాత్రులు వెతికాను, లేదు.

నర్సమ్మ పేరు సౌభాగ్యమ్మ. పామూరు వైపు మనిషి, యాభై ఏళ్ళుంటాయి. బండిని పరీక్షించడానికి తర్లుపాడు దాకా పోయి వద్దామంది. సీసాలు కొన్ని అరలో, కొన్ని తలుపు సంచుల్లో పెట్టుకుంది. రెండో మైలులో మూత తెరుచుకుంది. రెండు సీసాలు జారి పగిలాయి. ఒకటి టింక్చరు. ఆమె తెల్లచీర మీద జామాకంత గోధుమరంగు మచ్చ పడింది. దిగి, మచ్చ చూసుకుని, నన్ను చూసింది.

"శెట్టిగారూ, మీ బండి నా చీర మీద సంతకం చేసింది. నేనింకా ఒప్పుకోకముందే."

"మందులు పెట్టెలో పెట్టి వెనక కట్టుకుంటే పోలేదా అమ్మా?" అన్నాను.

"దారిలో బండి ఆపి చెయ్యి పట్టుకుంటారు జనం. తేలు కుట్టినోడిని పెట్టె తాళ్ళు విప్పేదాకా ఆగమని చెప్పమంటారా? మందు నా చేతికి అందాల."

"అయితే అరలు బాగు చేయిస్తా."

"చేయించండి. వచ్చే సోమవారం అర్ధవీడు పోతాము. ఎన్ని సీసాలు పెడతానో అన్నీ పెట్టినట్టే తిరిగి రావాల. ఒక్కటి పగిలినా కంభంలో ఒకాయన కొత్త బండితో కాచుకోని ఉన్నాడు."

అది సోమవారం. చేతిలో ఏడు రోజులు. మద్రాసులో ఇట్లాంటి సామాన్లు అమ్మే కంపెనీకి ఆసుపత్రి కబురు రాగానే జాబు రాసి ఉన్నాను. మూత, కొక్కెం, సంచులు కలిపి నలభై రెండు రూపాయలు, రావడానికి ఐదు వారాలు అని జవాబు. ఆ జాబు మడిచి జేబులో పెట్టుకుని పేతురు గురించి ఆలోచించాను.

పేతురు పలకలకు చట్రాలు చేసే వడ్రంగి. మా దుకాణానికి పదేళ్ళు చట్రాలు చేసి ఇచ్చాడు. అతను బిగించిన కీలు వదులు కావడం నేను చూడలేదు. భార్య సామ్రాజ్యం ఊళ్ళో గోదాముల్లో పలకలను పెట్టెల్లో సర్దే పనికి పోతుంది. ఇద్దరూ మిషను బడిలో చదువుకున్నారు.

పేతురును పిలిచి బండి చూపించి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ మంగళవారం తెల్లవారేసరికి గిద్దలూరు నుంచి పెళ్ళి బాడుగ వచ్చింది. నాలుగు రోజులకు పద్దెనిమిది రూపాయలు. వదులుకునే స్థితి కాదు. డబ్బు వసూలుకు నేనూ బండితో పోవాలి. అర నోటికి కొలత తీసుకుని, ఒక చీటీ రాసి పేతురు ఇంటికి పంపి బండెక్కాను. చీటీలో రాసింది ఇది:

"అర పలక 1. పది అంగుళాలు, ఏడు అంగుళాలు. గట్టి చట్రం. రెండు బందులు. గోనె సంచులు 2, సామ్రాజ్యం కుట్టవలెను. శనివారానికి."

శనివారం మూడో జాముకు తిరిగి వచ్చాం. పేతురు అప్పటికే మా వాకిట్లో కూర్చుని ఉన్నాడు. పక్కన సామ్రాజ్యం, ఆమె ఒళ్ళో గోనె సంచులు, చేతిలో దబ్బనం. పేతురు గుడ్డలో చుట్టింది విప్పి నా చేతిలో పెట్టాడు. టేకు చట్రం, నాలుగు మూలలా ఇత్తడి బిళ్ళలు, నున్నగా పట్టిన చిత్రిక. మధ్యలో నల్లటి రాతి పలక. పిల్లలు ఓనమాలు దిద్దే పలక.

"ఏంది పేతురూ ఇది?"

"అర పలక."

"అర సంగతి నాకు తెలుసు. దాని పలక ఏదీ?"

"చేతిలో పెట్టినా గదా శెట్టయ్యా."

"ఇది రాతి పలక."

"మార్కాపురంలో పలక ఇంకెట్ల ఉంటాది?"

మా బజారులో పలకలకు మూడు కొలతలు. నిండు పలక, ముప్పావు పలక, అర పలక. పదమూడేళ్ళు ఆ మాటలు రోజుకు వందసార్లు నా నోటితోనే అన్నాను. అర పలక కొలత కూడా ఇంచుమించు పది, ఏడు.

"నేనడిగింది అరకు పలక. మోటారులో ఈ అర ఉంది చూడు, దీనికి మూత. చెక్క పలక."

పేతురు చెవి మీద దోపుకున్న చీటీ తీసి, మడత విప్పి, వేలు పెట్టి చదివాడు. "అర. పలక. ఒకటి. అరకు అని లేదు. 'కు' ఏదీ?"

చీటీలు, జాబులు, తంతులు అన్నింటిలోనూ అక్షరాలు మిగల్చడం నాకు అలవాటు. తంతికి మాటకింత అని కట్టీ కట్టీ వచ్చిన అలవాటు.

అంకయ్య రేడియేటరులో నీళ్ళు పోస్తూ అందుకున్నాడు. "ఒక 'కు' మిగిల్చినాడులే పేతురన్నా. ఇట్ల రోజుకొకటి మిగిలిస్తే ఏడాదికి ఒక దుకాణం పెట్టొచ్చు."

"నీళ్ళు పోసే పని చూడరా."

"బందులు ఎందుకని నేను కూడా అనుకున్నా," అన్నాడు పేతురు. "పలకకు బందులు ఎవరు పెడతారు? సరే, దుకాణం పోయినాక శెట్టి ఏదో కొత్త యాపారం ఎత్తుకున్నాడు, పుస్తకం మాదిరి మడిచే పలకేమో అనుకున్నా."

"రేపు చెక్కతో ఒకటి చేసి బిగించు. సోమవారం నర్సమ్మను, మందు సీసాలను ఎక్కించుకోని అర్ధవీడు పోవాల."

"రేపు ఆదివారం. ఉలి పట్టను."

"సోమవారం తెల్లవారుజామున?"

"ఎండిన వెడల్పు చెక్క లేదు. పచ్చిది బిగిస్తే మీరు కంభం చేరేలోపల వంగి కూర్చుంటాది. ఇదే బిగిస్తా. బాగలేకపోతే నా కూలి ఇయ్యొద్దు."

కూలి ఇవ్వవద్దు అనే మాట మీద ఎవరితోనైనా బేరం సగం అయినట్టే. బిగించమన్నాను.

పాత మూత బందులు కింద ఉండేవి. పేతురు పలకను అక్కడ పెట్టి చూశాడు, తల అడ్డంగా ఊపాడు. "ఈ బరువు కిందికి వాలితే నర్సమ్మ మోకాలిచిప్ప పోతాది. పైన బిగిస్తా. కిందికి వేలాడతాది. తన బరువుకు తానే మూసుకుంటాది. కొక్కెం కూడా అక్కర్లే." పొట్ట వేసిన అట్ట పీకేసి, చట్రాలకు కోసే బద్దలను ఒకదాని పక్కన ఒకటి పేర్చి అడుగు వేశాడు. గంటన్నర పట్టింది. మూత ఎత్తి వదిలితే టక్కుమని పడి మూసుకుంది. అంకయ్య బండిని వీధిలో గుంతల మీదుగా రెండు చుట్లు తోలాడు. మూత తెరుచుకోలేదు.

నేను అప్పుడే పని అయిపోయిందనుకున్నాను. సామ్రాజ్యం తలుపు సంచులు మేకులతో కొట్టించుకుంటూ, తల ఎత్తకుండానే అంది.

"మీరిద్దరూ మూత గురించి కొట్లాడుకుంటా ఉండారు. మూత ఊడితే సీసా పడి పగులుతాది, సరే. మూత ఉంటే మాత్రం? లోపల ఆడే సీసా ఒకదానికొకటి కొట్టుకోని పగలదా?"

"మరేం చేయాల?"

"పలకలు ఎట్ల పోతాయి మద్రాసుకు? పడుకోబెట్టి పంపుతామా? అంచు మీద నిలబెట్టి, నడమ గడ్డి పెట్టి, కదలకుండా దిగ్గొడతాము. కదిలేదే పగులుతాది శెట్టయ్యా. కదలనిది పగలదు."

ఆమె కుట్టిన సంచులు చూశాను. నేను చెప్పింది రెండు సంచులు. పేతురు మూత బిగించేలోపల ఆమె ఒక్కో సంచిని నిలువు కుట్లతో ఆరు గదులుగా విడదీసింది. సీసాకు ఒక గది. అరలో పెట్టడానికి కూడా అట్లాంటి గదుల గోనె ఒకటి కుట్టింది. వరిగడ్డి పక్కన కట్టకట్టి ఉంది.

"కూలి ఎంత?" అన్నాను. ముందే అడగడం మంచిది.

"నాకు డబ్బులొద్దు. సోమవారం మీరు పోయేది అర్ధవీడే గదా. మా అమ్మ అక్కడుంది. చూసి ఎనిమిది నెలలయింది. వెనక సీటులో కూర్చోబెట్టుకోని పోయి తీసుకొస్తే చాలు."

మనిషి బరువుకు ఎంత పెట్రోలు ఎక్కువ కాలుతుందో లెక్క వేయబోయి, పెట్రోలు ఆసుపత్రిది గదా అని గుర్తొచ్చి ఒప్పుకున్నాను.

ఆదివారం బండి వాకిట్లోనే ఉంది. నా భార్య రామతులసమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చి, పలక ఎత్తి చూసి దించింది.

"మోటారును బడిలో వేస్తాండారా?"

"ఒకటి జరగబోయి ఒకటి జరిగింది."

"రేపు సీసా పగిలితే?"

"పగలదు."

"పగిలితే అంటున్నా. పన్నెండు రూపాయలకు ఇల్లెట్ల జరపాలో లెక్క వేసి పెట్టినా. కాఫీ మానాల. మీ పొడుం మానాల. ఈ ఇంట్లో వెనక గది బాడుగకు ఇయ్యాల. అది గాక మీ వదినకు నీళ్ళు నేను తోడాల. మిగతావన్నీ సర్దుకోవచ్చు, ఆ ఒక్కటి మాత్రం నాతో కాదు."

లెక్క బాగానే వేసింది. నేను అంతకన్నా బాగా వేయలేకపోయేవాణ్ణి.

సోమవారం పొద్దు పొడిచేసరికి ఆసుపత్రి ముందు బండి నిలబెట్టాం. సౌభాగ్యమ్మ వచ్చి ముందు సీటు తలుపు తీసి, పలకను చూసి ఆగిపోయింది.

"శెట్టిగారూ, ఈ వయసులో నాకు ఓనమాలు దిద్దిస్తారా?"

"దారిలో ఏదైనా రాసుకోవచ్చునని పెట్టించానమ్మా," అన్నాను. తప్పు జరిగిన చోట అది ముందే అనుకున్న ఏర్పాటని చెప్పడం వ్యాపారంలో మొదటి పాఠం.

వెనక నుంచి అంకయ్య చిన్నగా దగ్గాడు.

సీసాలు ఇరవై నాలుగు. సామ్రాజ్యం ఒక్కొక్కటి తీసుకుని, గదిలో నిలబెట్టి, చుట్టూ గడ్డి పెట్టి, వేలితో నొక్కి, మెడ పట్టుకుని ఊపి చూసింది. ఊగినదానికి ఇంకో పరక పెట్టింది. రెండు తలుపులకు ఆరేసి, అరలో పన్నెండు. నర్సమ్మ ఆమె చేతులనే చూస్తూ నిలబడింది. సర్దడం అయ్యాక బలపం అడిగి తీసుకుని పలక మీద 24 అని వేసింది.

"రాసుకోవచ్చు అన్నారు గదా," అంది నాతో.

కంభం దాకా దారి మంచిదే. పలక గుంతకొకసారి టక్కుమంటూ వచ్చింది. ఆ చప్పుడుకు మొదట ప్రతిసారీ ముందుకు వంగి చూసేవాణ్ణి, పది మైళ్ళకు అలవాటయింది. కంభం దాటి అర్ధవీడు దారి పట్టగానే రాళ్ళు మొదలయ్యాయి. వాగులో దిగి ఎక్కాం. ఎక్కిన కాసేపటికి వెనక సీటు నుంచి సామ్రాజ్యం ముందుకు వంగింది.

"అంకయ్యన్నా, ఆపు."

"ఏమయింది?" అన్నాను. "వాంతి వస్తాందా?"

"గడ్డి కూర్చుంది."

"ఏంది?"

"ఈ పక్క తలుపులో. ఇనబళ్ళా?"

నాకు ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. నర్సమ్మ కూడా చెవి పెట్టింది, ఆమెకూ వినబడలేదు. అంకయ్య బండి ఆపి ఇంజను కూడా ఆపాడు. సామ్రాజ్యం దిగి వచ్చి డ్రైవరు వైపు తలుపును పట్టుకుని మెల్లగా ఊపింది. అప్పుడు వినబడింది. లోపల గాజుకు గాజు తగిలి, పళ్ళు కొరికినంత సన్నటి చప్పుడు.

"ఊరి నుంచి స్టేషనుకు ఎద్దులబండి మీద పోయేలోపల పెట్టెలో గడ్డి ఒక వేలు కూర్చుంటాది," అంది ఆమె. "స్టేషనులో మళ్ళీ మూతలు ఇప్పి కూరుతాము. కూరకుండా రైలెక్కిస్తే అవతల దించేటప్పటికి సగం ముక్కలే. మోటారుకు ఇంకా బిరీన కూర్చుంటాదని నాకు తట్టలేదు."

పదమూడేళ్ళు పలకలు అమ్మిన నాకు ఈ సంగతి తెలియదు. సరకు పెట్టెలు స్టేషనుకు పోయాయా లేదా అని అడిగేవాణ్ణి. స్టేషనులో ఆడవాళ్ళు మూతలు విప్పి ఏం చేస్తారో ఎన్నడూ పోయి చూడలేదు. ఆ కూలి కింద మాత్రం పెట్టెకు కాలణా ఎక్కువ వేస్తున్నారని అన్నతో రెండుసార్లు గొణిగాను.

వెంట తెచ్చిన గడ్డి అయిపోయింది. ఆమె దారి పక్కన ఎండిన గడ్డి కోసుకొచ్చి, అరచేతుల మధ్య నలిపి మెత్తన చేసి, ఒక పుల్లతో ప్రతి గదిలోకీ దిగేసింది. రెండు తలుపులూ, అరా. పావుగంట పట్టింది. ఎండ ఎక్కుతోందని నేను తొందరపెట్టబోతే నర్సమ్మ చెయ్యెత్తి ఆగమంది.

అర్ధవీడు ఇంకో రెండు మైళ్ళుందనగా మలుపులో మేకల మంద అడ్డం వచ్చింది. అంకయ్య బ్రేకు మీద నిలబడ్డాడు. బండి పక్కకు ఈడ్చుకుపోయి ఆగింది. నేను వెనక సీటులోంచి ముందు సీటు వీపుకు కొట్టుకున్నాను. నర్సమ్మ ముందుకు తూలింది. ఆమె మోకాలు పలకకు తగిలిన చప్పుడు, ఆ వెంటనే పలక పగిలిన చప్పుడు వినబడ్డాయి. తర్వాత మేకల అరుపులు తప్ప ఇంకేమీ లేదు.

నా లెక్క అయిపోయిందనుకున్నాను. వెనక గది ఎవరికి బాడుగకు ఇవ్వాలో కూడా ఆ క్షణంలో తోచింది.

పలక ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా పగిలింది. 2 ఒక పక్కకు, 4 ఒక పక్కకు పోయాయి. కానీ రెండు ముక్కలూ పేతురు చట్రంలో ఉన్నచోటనే ఉన్నాయి, రవ్వ కూడా రాలలేదు. నర్సమ్మ మోకాలు రుద్దుకుంటూ, ఆ మూత జాగ్రత్తగా ఎత్తి, సీసాలు ఒక్కొక్కటే మెడ పట్టి తాకి చూసింది. పన్నెండు. తలుపు సంచి తడిమింది. ఆరు. అంకయ్య తన పక్క తడిమి ఆరు అన్నాడు.

"అన్నీ ఉండాయి," అంది. "మోకాలు కూడా పగల్లేదు. అది కూడా లెక్కలో రాసుకోండి శెట్టిగారూ."

మేకలు కాసే మనిషి వచ్చి మమ్మల్నే నాలుగు తిట్టాడు. అంకయ్య ఐదు తిట్టాడు. ఎవరికీ ఏమీ కాలేదు గనుక అంతటితో సరిపోయింది.

అర్ధవీడులో నర్సమ్మ రోగులను చూసినంతసేపూ సామ్రాజ్యం తల్లి దగ్గర ఉండి వచ్చింది. తిరుగు దారిలో వాగుకు ముందే తానే బండి ఆపించి మళ్ళీ గడ్డి కూరింది. ఈసారి ఎవరూ ఎందుకని అడగలేదు.

పొద్దు ఇంకా ఉండగానే ఆసుపత్రి వరండాలో సీసాలు దించి వరసగా పెట్టాం. కొన్ని ఖాళీ, కొన్ని సగం. అన్నీ కలిపి ఇరవై నాలుగు. నర్సమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది, నేను మూడుసార్లు లెక్కపెట్టాను.

"పలక పగిలింది," అంది ఆమె.

"సీసా పగిలితే అన్నారమ్మా. పలక మాట రాలేదు."

"మీరు వకీలు కావలసిన మనిషి." కుర్చీలో కూర్చుంది. "ఒప్పందం మీదే. కానీ ఒక మాట. సీసాలు తెచ్చింది మీ మోటారు కాదు. ఈ అమ్మి చేతులు. ప్రతి సోమవారం ఇదే సర్దాల, నాతో రావాల. కూలి మీరిస్తారు. పూటకు ఎనిమిది అణాలు."

గోదాములో రోజంతా సర్దితే మూడు అణాలు. ఆ మాట చెప్పాను.

"గోదాములో పలకలు. ఇక్కడ మనుషుల ప్రాణాలు," అంది నర్సమ్మ.

"ఆరు చేద్దాము."

నర్సమ్మ సామ్రాజ్యం వైపు చూసింది. సామ్రాజ్యం కొంగుకు అంటిన గడ్డి పరకలు ఏరుకుంటూ ఉంది.

"ఎనిమిదంటే వస్తా శెట్టయ్యా. ఆరంటే గోదాముకే పోతా. ఆడ నీడ ఉంటాది, నడుము నొప్పి లేదు."

"నిన్న డబ్బులొద్దంటివి."

"అది మొన్న. మొన్న నాకు మా అమ్మను చూడాలని ఉంది. చూసినా గదా."

అంకయ్య బండి వెనక్కు పోయి నవ్వుకున్నాడు. నేను మనసులో లెక్క వేశాను. యాభైలో అంకయ్యకు పదిహేను, ఈమెకు రెండు. ముప్పై మూడు నిలుస్తాయి. ఆ రెండు రూపాయల దగ్గర పట్టుబడితే ముప్పై మూడూ పోతాయి. ఎనిమిదికే ఒప్పుకున్నాను. మర్నాడు పేతురు వచ్చి పగిలిన పలక తీసి కొత్తది ఎక్కించాడు. చెక్క మూత చేస్తానన్నాడు గానీ నేనే వద్దన్నాను. చెక్కది విరిగితే మళ్ళీ చేయించాలి. పలక పగిలితే అణాన్నరకు మా ఊళ్ళో ఏ అంగట్లోనైనా ఇంకొకటి దొరుకుతుంది. నర్సమ్మ కూడా దాని మీద రాసుకోవడం అలవాటు చేసుకుంది. ఏ ఊళ్ళో ఎవరికి మళ్ళీ మందు ఇవ్వాలో రాసుకునేది.

యుద్ధం వచ్చి, పెట్రోలుకు కూపన్లు పెట్టేదాకా బండి తిరిగింది. మొత్తం ముప్పై ఎనిమిది నెలలు. ఆ నెలలన్నింటిలో నర్సమ్మ సీసాలు పగిలినవి మూడు. అందులో రెండు రోగులే చేజార్చారు.

ఇక లెక్క. ఒప్పందం మొదలయ్యేటప్పటికి చేతిలో నూట నలభై. ఆసుపత్రి నుంచి వచ్చింది పంతొమ్మిది వందలు. బయటి బాడుగల మీద, పెట్రోలు పోను, వెయ్యిన్ని ఇరవై. అంకయ్య జీతం ఐదు వందల డెబ్బై. సామ్రాజ్యం కూలి, నూట అరవై పూటలకు, ఎనభై. టైర్లు, మరమ్మతులు నాలుగు వందల ముప్పై. పలకలు పద్నాలుగు, రూపాయి ఐదు అణాలు. ఇంటి ఖర్చు నెలకు ఇరవై లెక్కన ఏడు వందల అరవై. చివరికి బండి అమ్మితే రెండు వందల డెబ్బై ఐదు వచ్చింది. అన్నీ పోను నిలిచింది పద్నాలుగు వందల తొంభై మూడు రూపాయల పదకొండు అణాలు. అందులో పన్నెండు వందలు పెట్టి స్టేషను దారిలో పలకల గోదాము ఒకటి నా పేరున తీసుకున్నాను. సర్దే ఆడవాళ్ళు ఆరుగురు, వాళ్ళ మీద పెద్దగా సామ్రాజ్యం, రోజుకు పది అణాలు. ఆమె పన్నెండు అడిగింది, నేను ఎనిమిది అన్నాను. మిగతా రెండు వందల తొంభై మూడు రూపాయల పదకొండు అణాలు చేతిలో ఉన్నాయి.